అన్ని బోల్టులకూ ఒకే సాకెట్

కడప బస్సులో పక్క సీటాయనకు, కర్నూల్లో కొన్న, బోల్టులు బిగించే కొత్తరకం సాకెట్ చూపించాను. లోపలంతా స్ప్రింగు పుల్లలే. నాలుగు మూలలున్నా ఆరు మూలలున్నా, ఏ బోల్టు తలనైనా ఇదొక్కటే పట్టుకుంటుందని గొప్పలు పోయాను.

ఆయన అందులో వేలు పెట్టి చూశాడు. "చిన్న బోల్టులకు బాగనే ఉంటాదప్పా. పెద్దవాటికి బలం చాలదు. బిగిసిందనుకుంటాం, బిగిసుండదు. మా తమ్ముని జీపు చక్రం ఇట్లాంటిదాంతోనే బిగిచ్చినా. పొద్దున పోయినోడు మళ్లీ రాల్యా."

ఆళ్లగడ్డలో బస్సు ఆగగానే ఆయన దిగి, ముందు చక్రం నట్లు ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పి చూసి, వచ్చి కూర్చున్నాడు. మైదుకూరులోనూ అంతే.

ఆ సాకెట్‌తో నేనింతవరకూ ఏదీ బిగించలేదు. బస్సెక్కే ముందు మాత్రం నా చెయ్యి చక్రం మీదికి పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క నట్టూ వదులుగా తగల్లేదు. ఆయనకూ తగిలుండదు.