కట్టుకథ అన్నవాళ్లకు కట్టు చూపించిన మామ

నిన్న పొద్దున చెన్నై నుంచి ఫోన్. మునస్వామి మామ ఇక లేడట.

రెండు రోజుల్లో డిశ్చార్జ్ అన్నారు కదా... రాంగ్ నంబరేమో అనుకున్నాను. నిజంగా.

ఇప్పటికీ అంతా మసక మసకగా, మంచు దిగిన ఘాట్ రోడ్డులా ఉంది. తిరుమల ఘాట్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. చిత్తూరులో మా పక్కిల్లు. చుట్టరికమేం లేదు, అయినా నాకు మామే.

మూడేళ్ల కిందట పాకాల దగ్గర లారీ నా స్కూటీని కొట్టింది. కుడి మణికట్టు విరిగింది.

నేను టైలర్‌ని. ఆ చెయ్యి లేకపోతే నాకు కత్తెర లేదు, బతుకూ లేదు.

లారీ ఓనరు మనిషి హాస్పిటల్‌కే వచ్చేశాడు. "మా డాక్టర్ దగ్గరే చూపిస్తాం, ఖర్చంతా మాదే, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. ఇంజక్షన్ మత్తులో ఆ మాటలు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టున్నాయి. పెన్ను ఎడమ చేతిలోకి తీసుకున్నాను కూడా.

మామ లాగేసుకున్నాడు.

"మలుపుకాడ తొందర పడగూడదప్పా. సెయ్యి ఆ పాపది. యాడ సూపించుకోవాల్నో ఆ పాపే సెప్తాది."

నా వైపు తిరిగాడు. "సెప్పు పాపా, యాడికి పోదాం?"

"పుత్తూరు" అన్నాను. ఎముక విరిగితే మా వైపు నోటికి మొదట వచ్చే మాట పుత్తూరు నాటువైద్యుల కట్టే.

మామ నవ్వాడు. "పోదాం. ముందు ఈడ ఎక్స్‌రే. ఆపరేషన్ వద్దని డాక్టర్ సెప్తేనే కట్టు."

ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టర్. వెళ్లాం. వెదురు బద్దలు, ఆకు పసరు వాసన, కారు కిటికీలోంచి మెల్లగా వెనక్కి పోతున్న నగరి కొండలు... ఆ రోజులో నాకు మిగిలింది ఇంతే. నొప్పి అసలు గుర్తే లేదు.

ఒక్క తెలివితక్కువ పని చేశాం. కట్టుకి రసీదు అడగలేదు. కట్టు కట్టించుకుని దండం పెట్టి వచ్చేశాం.

నష్టపరిహారం కోసం కేసు వేస్తే, కోర్టులో లారీ ఇన్సూరెన్స్ లాయరు దాన్నే పట్టుకున్నాడు. "ట్రీట్‌మెంట్ కాగితమేది? ఇదంతా కట్టుకథ!"

సాక్షిగా నిలబడ్డ మామ సంచి తెరిచాడు. విప్పేసిన వెదురు బద్దలు, పసరు మరకల గుడ్డ తీసి ముందు పెట్టాడు.

"కట్టు ఇదో ఉండాది సార్. కథ ఆ పాప సెప్తాది, ఇనండి."

జడ్జిగారికి కూడా నవ్వాగలేదు. తర్వాత పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూశారు. "వైద్యం ఎక్కడ చేయించుకోవాలన్నది ఆమె ఇష్టం" అన్నారు.

కేసు గెలిచాం. ఈ పోస్ట్ టైప్ చేస్తున్నది ఆ చేత్తోనే.

పోయిన వారం మామకు ఆయాసం ఎక్కువైంది. కొడుకులు, అల్లుడు, నేను, అందరం కూర్చుని చెన్నైలో పెద్ద హాస్పిటల్ అని డిసైడ్ చేసేశాం. అంబులెన్స్ ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మూతికి మాస్క్.

"మాట్లాడొద్దు మామా, ఆయాసం వస్తాది" అన్నాను.

యాడికి పోదామని ఆయన్ని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

క్షమించు మామా. ఇప్పుడైనా నీకు నచ్చిన చోట, నెమ్మదిగా నిద్రపో.