పిన్ని సగం

పిన్ని, బాబాయి విడిపోవడానికి కోర్టుకు వెళ్లలేదు. చింతపల్లి పైన కొండల్లోని మా ఊళ్లో ఆ పని కులపెద్దలే చూస్తారు. మేకలను, గిన్నెలను, కాఫీ తోటను పంచడం వాళ్లకు కొత్త కాదు. పీఎఫ్‌ను పంచడం మాత్రం అదే మొదటిసారి. బాబాయి ప్రైవేటు కంపెనీలో పనిచేసినన్నాళ్లూ ముసలితనం కోసం జీతంలోంచి పట్టి దాచిన సొమ్ము అది. అందులో సగం పిన్నిదని అప్పటికే తేల్చారు. ఎప్పుడు తీయాలన్నదే మిగిలింది. బీకాం చదివానని నన్ను పిలిచారు.

నలుగురిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు. చాప అంచు చూస్తూనే చెప్పాను. బాబాయి ఉద్యోగం మానేసి కొన్ని నెలలైంది కాబట్టి ఇప్పుడే తీసుకోవచ్చు. కానీ సర్వీసు ఐదేళ్లు నిండలేదు, పన్ను పడుతుంది. కొత్త కంపెనీలో చేరి, ఖాతాను అక్కడికి మార్చుకుని, ఐదేళ్లు నిండాక తీస్తే పన్ను ఉండదు.

"పన్నేటే గుంటా? ఎవరి పన్ను పీకుతారు?" అంది వరసకు నాకు మామ్మయ్యే పెద్దావిడ. ఆ పెద్దల్లో ఆడమనిషి ఆవిడొక్కతే. చెవులు సరిగ్గా వినపడవు.

అందరూ పగలబడి నవ్వారు.

"నోట్లో పన్ను కాదు మామ్మా, గవర్నమెంటుకి కట్టే పన్ను," అన్నాను.

"ఆగమనండి," అన్నాడు బాబాయి. "ఇంకో ఏడాదిన్నర. బేగి తీసి గవర్నమెంటుకి ధారపొయ్యడమేటి?"

లెక్క ప్రకారం ఆయన మాటే సరైనది. అంతవరకూ తల ఎత్తని పిన్ని మామ్మ వైపు తిరిగింది.

"నొప్పెడతన్న పన్ను ఏడాదిన్నర నోట్లో ఉంచుకుంటావేటి మామ్మా? నాది పీకించెయ్యండి. సొమ్ము కోసం నెలనెలా ఈయనకి ఫోన్ సెయ్యలేను. ఫోను ఆవిడ ఎత్తుతాది."

పట్నంలో బాబాయి కాపురం పెట్టిన మనిషి సంగతి అందరికీ తెలుసు. నేను పిన్నినే చూస్తూ ఉండిపోయాను. ఆమె అంత మాట అనగలదని నాకు తెలియదు.

"అయితే ఆ కోత దాని సగంలోంచే పోవాల," అన్నాడు బాబాయి. "తొందర దానిదే గదా."

పన్ను ఎంత పడుతుందో చూశాను గానీ, ఎవరి సగం మీద పడుతుందన్నది నాకు తట్టనే లేదు. పెద్దలు ఒడియా కలిసిన మా మాటల్లో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి మామ్మ బాబాయిని అడిగింది.

"సేనులో అడవిపంది తిన్నది ఎవరి వాటాలో రాత్తావురా? మిగిలినదే పంట. దాన్నే సగం సెయ్యి."

"కంచె తీసింది అదే గదా!" అన్నాడు బాబాయి, పిన్నిని చూపిస్తూ.

"ముందు కంచె దాటినోడివి నువ్వురా గుంటడా."

ఇప్పుడే తీసి, సొమ్ము పడ్డ రోజే పన్ను పోగా మిగిలినదాంట్లో సగం పిన్ని ఖాతాకు పంపాలని తీర్పయింది.

ఊళ్లో సిగ్నల్ రాదు. అందరం మిరియాల పాదుల మధ్య నుంచి కొండగట్టు మీదికి ఎక్కాం. బాబాయి ఫోనులో దరఖాస్తు నింపుతుంటే పక్కన నిలబడి చూశాను. ఓటీపీ కోసం అందరూ ఆ ఫోను చుట్టూ మూగారు. ఫోను మోగింది. ఆయన అంకెలు నొక్కాడు.

మా దగ్గర ఆలుమగలు విడిపోయేటప్పుడు ఒక పుల్లను చెరో కొస పట్టుకుని విరుస్తారు. అది ఇంటి ముందు జరగాల్సిన పని. పిన్ని మాత్రం పక్కనున్న కాఫీ మొక్క నుంచి ఎండుపుల్ల తుంచి, ఒక కొస బాబాయికి అందించింది.

"ఇక్కడే," అంది.

పుల్ల విరిగిన చప్పుడు అంత చిన్నగా ఉంటుందనుకోలేదు. పిన్ని తన ముక్కను లోయలోకి విసిరేసి, కిందికి దిగడానికి మామ్మకు చెయ్యి అందించింది.