స్టీఫెన్ యంత్రం, మా ఇంటి బీరువా

మా ఆయన స్టీఫెన్‌కు సుల్తానాబాద్‌లో మోటార్ వైండింగ్ దుకాణం. అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది. కూరలో ఉప్పు తగ్గితే నన్ను వదిలేసి ఉప్పు కంపెనీని తిడతాడు.

ఊరవతల క్వారీ వాళ్లు దొంగచాటుగా గుట్ట పేలుస్తున్నారని, అందుకే మా గోడ బీటలిస్తోందని ఆయన నమ్మకం. పట్టుకుందామని నేల అదురు కొలిచే యంత్రం ఇంట్లోనే చేశాడు. వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్ట, దాని నడుమ స్ప్రింగుకు వేలాడే అయస్కాంతం. నేల అదిరితే అయస్కాంతం ఊగి, తీగలో కాస్త కరెంటు పుట్టి, కంప్యూటర్‌లో గీత ఎగురుతుంది. అసలు అయస్కాంతాన్ని బిగించి చుట్టను వేలాడదీయాలట. ఊగి ఊగి తీగ తెగుతుందని ఈయన తిరగేసి పెట్టాడు.

రోజూ మధ్యాహ్నం గీత ఎగిరేది. "దొరికిండ్రు దొంగలు!" అని మురిసిపోయాడు. తీరా క్వారీ మూసిన వారం కూడా ఎగిరింది. తల పట్టుకుని పానాతో ఏదో బిగించబోతే గీత మళ్లీ లేచింది. ఇనుము కదిలినా అయస్కాంతం ఊగుతుందని అప్పుడు తెలిసింది. గోడకవతల అత్తమ్మ రిబ్కమ్మ గదిలో ఇనుప బీరువా ఉంది. నా దగ్గర తాళంచెవి అడిగి దాని తలుపు తెరిచి చూశాడు. అచ్చం అదే గీత.

తాళంచెవి ఉండేది నా కొంగుకే.

"పగటీలి అవ్వ పండుకుంటది. బీరువల నీకేం పని?" అన్నాడు.

"నేను తియ్యలే."

"మరి మొన్న మీ తమ్ముడు కాగజ్‌నగర్ నుంచి ఎందుకొచ్చిండు? తాళంచెవి ఇటియ్యి."

ఒళ్లు మండిపోయింది. దొంగ అనిపించుకుని ఆ ఇంట్లో ఎట్లా ఉండాలి? చెవి విసిరికొట్టాను. ఆదివారం దాటగానే పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకున్నాను.

ఆదివారం ఏసయ్య గుడికి పోయాం. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ రాలేదు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ప్రసంగం సాగినంతసేపు ఆడవాళ్ల వైపు తొంగిచూసి, నేనున్నానో లేదో చూసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే మేం గుడిలో ఉన్నప్పుడే గీత ఎగిరింది.

"అవ్వా, బీరువ ఎవలు తీసిండ్రు?"

అత్తమ్మ దిండు కింది నుంచి ఇంకో తాళంచెవి తీసింది. బీరువా తెరిస్తే చీరల అడుగున పోయినేడు చనిపోయిన మామయ్య చొక్కా ఉంది. కళ్ల ముందుంటే అత్తమ్మ ఏడుస్తుందని స్టీఫెన్ ఆయన బట్టలన్నీ పంచేశాడు.

"ఒక్కటి దాసుకున్న బిడ్డా. నువ్వు జూస్తే ఇది గూడ ఇచ్చేస్తవని భయమైంది."

"మాఫ్ చెయ్యవ్వా" అని ఆయన ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు.

సాయంత్రం తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టాడు. "యంత్రం తప్పు సూపెట్టింది."

"యంత్రం తప్పేం సూపెట్టలే. బీరువ తెరిసిండ్రని సూపెట్టింది. తెరిసింది నేనని నువ్వన్నవు."

నాకూ ఆ మాట చెప్తాడేమోనని చూశాను. అవ్వను మాఫీ అడిగిన నోరు నా దగ్గర పెగల్లేదు. సర్దిన బట్టల సంచి పట్టుకుని లేచాను.