సంస్కారం గిన్నె

శామీర్‌పేట చర్చిలో ముందు బెంచీ సుందరమ్మది. ఇంకెవరైనా కూర్చుంటే లేపేదాకా ఊరుకోదు. నోరు పెద్దదే గానీ, ఎవరింట్లో జబ్బు చేసినా గంజి గిన్నెతో ముందు వచ్చి నిలబడేది ఆమే. పొరుగింటి నవ్యశ్రీని తల్లి లేని లోటు తెలియకుండా సాకిందీ ఆమే. అందుకు అందరూ ఆమెను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే సుందరమ్మకు ముద్ద దిగదు.

ప్రపంచమంతా స్వైన్ ఫ్లూ తిరిగిన ఏడు నవ్యశ్రీ తల్లి ఝాన్సీ నిండు చూలాలు. నల్లా దగ్గర బిందె కోసం ఆమెతో సుందరమ్మ జుట్టు పట్టుకున్నంత పని చేసింది. ఆ ఆదివారమే చర్చిలో సంస్కారం, అంటే ప్రభు రాత్రి భోజనం. వరసగా మోకరించిన వాళ్లంతా ఒకే గిన్నెలోని ద్రాక్షరసం తాగాలి. లేవకుండా కూర్చున్న మనిషి మనసులో పగో పాపమో ఉందని లెక్క. సుందరమ్మకేమో ఒళ్లు కాలిపోతోంది. నాట్లలో తడిసిన జ్వరమేలే అనుకుంది. కూర్చుంటే కడుపుతో ఉన్న పిల్ల మీద కక్ష పట్టిందంటారు, ఊరి నోటికి మూత ఉంటుందా? దగ్గు మింగుకుని లేచి, అందరూ చూసేలా పోయి పోయి ఝాన్సీ పక్కనే మోకరించింది. తను తాగింది. తన తర్వాత ఝాన్సీ తాగింది.

నెల తిరక్కుండా ఝాన్సీ ఆ ఫ్లూతోనే ఊపిరాడక చనిపోయింది. కడుపు కోసి బిడ్డను దక్కించారు. జబ్బు ఎవరి నుంచి వచ్చిందో డాక్టర్లకే తెలియలేదు. సుందరమ్మ మాత్రం తన వల్లేనని తీర్పు చెప్పుకుంది. అంత నోరున్న మనిషి ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేకపోయింది.

కరోనా నాడు తలా ఒక చిన్న కప్పు పెట్టారు. ఈమధ్య మళ్లీ పాత గిన్నె తీశారు. నవ్యశ్రీ మొదటిసారి సంస్కారం తీసుకునే ఆదివారం వచ్చింది. అవ్వ పక్కనే మోకరిస్తానని ఆ పిల్ల ఎప్పటినుంచో అంటోంది. తీరా ఆ పొద్దున సుందరమ్మకు జ్వరం. పిల్లను చూడకుండా ఉండలేక వచ్చి, మూతికి కొంగు చుట్టుకుని చివరి బెంచీలో కూర్చుంది. నవ్యశ్రీ వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది.

“ఏందవ్వా, లేస్తలేవు? నా మీద కోపమొచ్చిందా?”

“దూరముండు బిడ్డా. జ్వరమొచ్చింది.”

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగిపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

“గా దినం గూడ జ్వరముండె. నలుగురేమనుకుంటరోనని దాసిపెట్టి తాగిన. నా ఎనకనే మీ అమ్మ తాగింది.”

నవ్యశ్రీ ముందుకు వెళ్లి మోకరించింది, తాగింది. తిరిగి వచ్చి అదే బెంచీలో ఆ కొసన కూర్చుంది. జ్వరమన్నందుకు ఎడంగా కూర్చుందో, తల్లి గుర్తొచ్చి కూర్చుందో. అడిగే నోరు సుందరమ్మకు లేకపోయింది.