ఠాణా ఎదుట నా మొదటి ప్రార్థన

“ఎర్ర ఇంకు ముట్టకు అంటున్న. మొన్న అన్నల కాగితాలు గోడల మీద కనవడితే పోలీసోళ్లు ఊరంత జల్లెడ పట్టిండ్రు. నీకేమన్న సోయున్నదా?” అని నేను.

“ప్రభువు రక్తం గురించి రాసిన మాటను నల్లగ కొట్టుమంటవా? అయ్యగారు ఎర్రగనే కావాలన్నడు. నాకు సుత గట్లనే మంచిగనిపిస్తుంది,” అని మా ఇంటాయన రాజేశం.

“అయ్యగారికేంది, సైకిలెక్కి పోతడు. రేపు జీపస్తే మన ఇంటి ముంగట ఆగుతది.”

“ఆగితే ఆగనియ్యే. గా కాగితంల దొంగమాట ఏమన్న ఉన్నదా?”

“మల్ల గా ఎరుపు పోయేటట్టు రోలర్లు కడుగుటానికి గ్యాసునూనె ఎవడు పోస్తడు, నీ అయ్యగారు పోస్తడా?”

నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన మిషన్ తొక్కుతూనే ఉన్నాడు.

సహోదరీ సహోదరులారా, నేను రెండో తరగతితో బడి మానినదాన్ని, మాట అటూఇటూ పోతే మీరే సర్దుకొని చదవండి. అవి నక్సలైట్ల రోజులు. కోరుట్లలో మా ఇంటి ముందుగదే మా ప్రెస్సు. కాలితో తొక్కే మిషన్ ఒకటి, సీసపు అక్షరాల అరలు, అంతే. పెండ్లి కార్డులు, బీడీ లేబుళ్లు వేసి బతికేవాళ్లం. సిరిసిల్ల నుండి దానయ్య పాస్టరుగారు, మేము అయ్యగారనేది ఆయననే, ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి, సువార్త కాగితాలు మా దగ్గరే వేయించుకునేవారు. మా ఇంటాయన ఆ వాక్యాలను ఒక్కొక్క అక్షరం ఏరి, అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చి పేర్చి, ఆ పేర్చిన మాటే లోపలికి దిగి విశ్వాసి అయ్యాడు. నేను కాలేదు. దేవుడంటే నాకు మొక్కు. కోడి మొక్కితే కోడి ఇవ్వాలి, బెల్లం మొక్కితే బెల్లం ఇవ్వాలి, అప్పుడే అడిగింది దక్కుతుంది. ఊరికే ఇచ్చే దుకాణాన్ని నమ్మనిదాన్ని, ఊరికే ఇచ్చే దేవుణ్ణి ఎట్లా నమ్ముతాను?

పగలు అతికిస్తే ఎవరో ఒకరు చింపేస్తారని పాస్టరుగారు తెల్లవారకముందే జగిత్యాల బస్టాండు గోడలకూ, పెగడపల్లి దారిలో కనబడిన ప్రతి గోడకూ ఆ ఎర్ర కాగితాలు అతికించి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో చీకటితో వచ్చి ఎర్ర అక్షరాలు అతికించేది ఎవరో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రభువు పని మీద ఉన్న ఈ ఇద్దరికే, ఇంట్లో నేను అంత అరిచినా, ఆ సంగతి తలకెక్కలేదు. కాగితం అడుగున మా ప్రెస్సు పేరు ఉన్నది కాబట్టి పోలీసులు వెతికే పని లేకుండా మధ్యాహ్నానికే వచ్చి మా ఇంటాయనను జీపులో వేసుకొని పోయారు.

అట్లా పోయినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. కొందరి పేర్లు మరునాడు పేపరులో ఎదురుకాల్పులని పడేవి. బిడ్డలను పక్కింట్లో వదిలి నేను జగిత్యాల ఠాణాకు వెళ్లాను. జవాను నన్ను గేటు దగ్గరే ఆపాడు.

“అమ్మా, నీ మొగడు ఒట్టి మొండోడున్నడు. ఎవరు కొట్టిపిచ్చిండ్రంటే నోరిప్పుతలేడు. పేరు చెప్తే ఇంటికి పోతడు. నీకెరుకైతే నువ్వన్న చెప్పు.”

నాకు ఎరుకే. ఆ పేరు నా నాలుక చివరనే ఉంది. జర ఆలోచించుకుంటానని చెప్పి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను, కూర్చున్నానే గాని నా మనసులో ఆ పేరు చెప్పేసినట్టే. అంతలో సంగతి తెలిసి సిరిసిల్ల నుండి వచ్చిన పాస్టరుగారే చెమటలు కక్కుతూ ఎదురుగా నిలబడ్డారు.

“అయ్యగారూ, దాచుడెందుకు, నీ పేరు చెప్దామనే కూసున్న,” అన్నాను.

“నువ్వు చెప్పుడెందుకమ్మా, నేనే చెప్త. గందుకే వచ్చిన. కాగితం నాది. అచ్చేసినాయన లోపలుండి, రాసినోడు బయట తిరుగుతే ఎట్ల?”

ఆయనే మళ్లీ, “నువ్వీడ కూసోని ప్రార్థన చెయ్యి” అన్నారు.

“నాకు రాదు. మొక్కుదామంటే చేతుల ఏం లేదు.”

“ఏమిస్త అనకు. ఉత్తగనే అడుగు. నీ బిడ్డలు నిన్ను బువ్వ అడుగుతరు, ఏమన్న ఇచ్చి అడుగుతరా?”

అంత చెప్పి ఆయన గేటు దాటి లోపలికి పోయారు. పొద్దు వాలింది, లోపలికి పోయిన ఆయన రాలేదు, మా ఇంటాయనా రాలేదు. అప్పుడు కొంగు కప్పుకొని నా జన్మలో మొదటిసారి ఇట్లా అడిగాను:

“యేసయ్యా, నీకు నేనేమియ్య. ఇయ్యటానికి లేదు, ఉంటే ఇస్తునో ఇయ్యనో గది సుత తెల్వది. ఇద్దర్ని పంపు. ఒక్కల్ని పంపి ఒక్కల్ని ఉంచుకోకు.”

గంట కిందట ఒకరిని అప్పగించి ఒకరిని తెచ్చుకుందామని కూర్చున్న నాకు, ఇద్దరినీ అడిగే మనసు ఎక్కడి నుండి వచ్చింది? నేను తెచ్చుకున్నది కాదు. ఠాణా అట్లాగే ఉంది, జవాను అట్లాగే నిలబడి ఉన్నాడు, లోపలివాళ్లు లోపలే ఉన్నారు, నా లోపలి వణుకు మాత్రం ఆగిపోయింది. నన్ను ఆయన విడిపించింది ఆ అరుగు మీదనే, మా ఇంటాయన సంగతి ఇంకా తేలకముందే. దేవునికే మహిమ. ఇది చదివే తల్లులారా, అయ్యలారా, ఇవ్వడానికి ఏమీ లేదని ఆయన దగ్గరికి పోకుండా ఆగకండి. ఖాళీ చేతులతోనే పోయి అడగండి, నాలాంటి పిసినారినే ఆయన వెనక్కి పంపలేదు.

ఆ రాత్రి బస్టాండులో కూర్చున్నాను. పొద్దున్నే నేను మళ్లీ గేటు దగ్గర నిలబడి ఉండగా ఠాణాకు ఒక పెద్దసారు వచ్చారు. ఆ కాగితం చేతిలోకి తీసుకొని, నిలబడే మొదటి నుండి చివరి దాకా చదివారు. ఇద్దరినీ బయటికి పిలిపించారు. “చీకట్ల ఎందుకు అతికించినవయ్యా?” అని పాస్టరుగారిని అడిగారు. “పగలైతే చింపుతరు సార్” అని ఆయన చెప్పారు. సారు నవ్వలేదు. కాగితం మడిచి పక్కన పెట్టి, పొమ్మన్నారు. మా ఇంటాయన అరికాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. పాస్టరుగారు ఆయనకు భుజం పట్టారు, నేను చెప్పులు చేతిలో పట్టుకున్నాను, ముగ్గురం మెల్లగా నడిచి కోరుట్ల బస్సెక్కాం.