మా చింటూకు ఆ పాప ఏమవుతుంది?

నేను తల్లాడలో ఆటో నడుపుతాను. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం.

ఇల్లందులో ఉండే మా అక్కకు గర్భసంచి తీసేశారు. రెండేళ్ల కిందట, డాక్టర్లు పిండం పెడితే, అక్కాబావల బిడ్డను నా భార్య సరోజ తన కడుపున మోసి కన్నది. ఇంటిల్లిపాదీ ఆమెను దేవత అన్నాం. దేవత అన్నాక ఇష్టమేనా అని అడిగే పని ఉండదు కదా.

పాపను తొట్టెలలో వేసిన రోజు అక్క ఇంటినిండా చుట్టాలు. మా నాలుగేళ్ల చింటూ తొట్టెల ఊపుతుంటే అక్క మురిసిపోయింది. మేనరికం ఉన్న ఇళ్లలో అందరూ అనే మాటే అంది.

“తమ్మీ, నీకు కోడలొచ్చింది. చింటూగాడే మా అల్లుడు.”

“వాడింకా చెడ్డీ తిరగేసి తొడుక్కుంటుండు అక్కా. ముందు అది నేర్వనియ్యి” అన్నాను. అందరూ నవ్వారు.

సరోజ నవ్వలేదు. “గా మాట అనకు వదినా. ఇద్దరు నా కడుపులనే పెరిగిండ్రు. అన్నాచెల్లెండ్లు.”

అక్క ముఖం మాడిపోయింది. “మోసినవ్, కాదంటలేను. కానీ బిడ్డ నాది. నువ్వు దానికి అత్తవు” అని పాపను ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

లోపల పాప ఏడ్చింది. ఇక్కడ సరోజ రవిక పాలతో తడిసింది. కొంగు కప్పుకుని, “ఇంటికి పోదాం పా” అంది.

ఆటోలో చింటూ అడిగాడు. “డాడీ, పాప నాకు చెల్లెనా, కాదా?”

అక్క ఒడి నిండినందుకు నాకు సంతోషమే. కానీ మోసిన మనిషికి ఆ బిడ్డతో ఏ వరుస మిగులుతుందో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సింది. సరోజ ఇప్పుడు ఇల్లందు రాదు. పాప ఫొటో చూపిస్తే, బాగుందని ఫోన్ తిరిగి నా చేతికిస్తుంది.