ఏడో ముక్క

మా తమ్ముడు చెప్పేదంతా అబద్ధం. కావాలని చెప్పే అబద్ధం కాదు, పాపం. పన్నెండు రోజుల పసిగుడ్డుగా ఉన్నప్పటి సంగతి వాడికి ఎవరేం చెబితే అదే కదా తెలిసేది. కానీ మొన్న ఆదివారం విజయవాడలో వాడి కూతురి సీమంతానికి వచ్చిన చుట్టాలందరి ముందూ, ట్రంకుపెట్టెలోంచి తీసిన పాత బొంత ఒకటి భుజాన వేసుకుని, "మా అక్కకి నేను పుట్టటం ఇష్టం లేదండీ. కుళ్ళుతో బ్లేడు పట్టుకుని నా గొంతు మీదికొచ్చింది. ఇదిగో, సాక్ష్యం!" అంటూ దాని మీది అతుకు చూపించాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. "గొంతు మీదికి కాదురా, బొంత మీదికి. గొంతు కొయ్యాలనే ఉంటే నువ్విప్పుడిలా వాగేవాడివా?" అన్నాను. ఇంకా నవ్వారు. మా ఇంట్లో నేను ఎంత గట్టిగా వాదిస్తే వాళ్ళకి అంత వినోదం. కాలేజీ రోజుల్లో వక్తృత్వపు పోటీల్లో నేను గెలిచిన కప్పులన్నీ మా వాళ్ళ దగ్గర దండగే. అయినా చెబుతున్నాను, ఈసారి కాగితం మీద. ఆ రోజు నాలో ఉన్నది కుళ్ళు కాదు. భయం. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత భయం పడుతుందా అని మీరనుకోవచ్చు. పట్టింది.

డెబ్భైల్లో మాట. మేం బెజవాడలో ఉండేవాళ్ళం. అమ్మమ్మగారి ఊరు పామర్రు దాటాక, బస్సు దిగి కాలవగట్టు వెంట మైలున్నర నడిస్తే వచ్చేది. ఆ ఊళ్ళో అమ్మమ్మ బొంతలకి పేరుండేది. బొంత అనగానే చిరిగిన చీరలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి అడ్డదిడ్డంగా కుట్టేసేది అనుకునేరు. అమ్మమ్మ వింటే సూది పెట్టి పొడిచేది. ఆవిడకి ఒకటే నమూనా. ఒకే చీరలోంచి కోసిన నాలుగు మూడుమూలల ముక్కలు కలిపి ఒక చదరం, ఆ చదరాన్ని కొనమీద నిలబెడితే గాలిపటం, గాలిపటం పక్కన గాలిపటం. ఎవరెన్ని పువ్వులూ నెమళ్ళూ అడిగినా ఆవిడ కుట్టేది గాలిపటాలే. మార్చేదల్లా బట్ట. చలికాలానికి ముతక దుప్పట్లూ ఫ్లానెల్ చొక్కాలూ. వేసవికి ఉతికి ఉతికి వెన్నలా అయిన నేత చీరలు. వానాకాలానికి పల్చటి వాయిలు మాత్రమే, అదీ రెండు పొరలే. "ముసురులో ఆరని బొంత కంటే గోనెపట్టా నయం" అనేది. అప్పుడప్పుడే అందరూ మోజుపడి కొంటున్న నైలెక్స్ చీరలంటే ఆవిడకి పడేది కాదు. ఎవరైనా ఆ ముక్క తెచ్చిస్తే రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది బట్ట కాదే తల్లీ, ఉల్లిపొట్టు," అని తిరిగి చేతిలో పెట్టేది. కళ్ళు మూసుకుని తాకి, ఏ చీర ఎవరిదో, ఎన్నేళ్ళు కట్టిందో చెప్పగలిగిన మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా గొడవంతా దీని మీదే.

ఆ ఏడు వానాకాలంలో అమ్మ పురిటికి వెళ్ళింది. తోకలా నేనూ వెళ్ళాను. నా తరవాత అమ్మకి ఇద్దరు పుట్టి దక్కలేదు. అంతకు రెండేళ్ళ ముందు మా పిన్ని, అంటే అమ్మమ్మ చిన్న కూతురు, అదే ఇంట్లో, అదే నడవ పక్క గదిలో పురిట్లో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఆ గది తలుపు వేసే ఉంచేవాళ్ళు. అమ్మ పురుడు మాత్రం సావిట్లో ఏర్పాటు చేశారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే పిల్లలకి మాటలు వినపడవుగానీ భయం మాత్రం చక్కగా వినపడుతుంది.

అమ్మమ్మ ఇంటి ఆచారం ఒకటుంది. పుట్టబోయే బిడ్డ బొంతకి ఏడు గాలిపటాలు, ఏడుగురు తల్లుల చీరలతో. పిల్లలు చల్లగా, చెక్కుచెదరకుండా ఉన్న తల్లులై ఉండాలి. ఆ ముక్కల్ని ఇంటి ఆడపిల్లే వెళ్ళి అడిగి తేవాలి. ఆడపిల్లని నేనొక్కదాన్నే. అమ్మమ్మ నన్ను పీట మీద కూచోబెట్టి ఏడిళ్ళూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. "బెజవాడ దొరసానీ, జాగర్తగా విను. వాయిలు చీర ముక్కే అడగాలి. పిల్లల తల్లులే ఇవ్వాలి. ఒక్కటి తేడా వచ్చిందంటే..." అని ఆగిపోయింది. ఏమవుతుందో చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో.

ఆరు ఇళ్ళు సరదాగానే గడిచాయి. ఒకావిడ జంతికలు పెట్టింది. ఒకావిడ, "మీ అమ్మమ్మ నా పెళ్ళిచీర మీదే కన్నేసింది, ముసల్ది," అని నవ్వుతూనే పాత చీర కొంగు చింపి ఇచ్చింది. ఏడో ఇల్లు బోదె అవతల. అయిదుగురు పిల్లల తల్లి. ఆ పంటబోదె మీద వంతెన అంటే ఒక తాటిదుంగ, అంతే. మామూలప్పుడు ఊరి పిల్లలు దాని మీద పరుగులు తీసేవాళ్ళు. వానలకి బోదె నిండి ఎర్రటి నీళ్ళు దుంగని తాకుతూ పోతున్నాయి. దుంగ మీద పాచి. నేను ఒక కాలు పెట్టాను, జారింది, తీసేశాను. మళ్ళీ పెట్టాను. అవతలి గట్టు మీద బర్రెలు తోలుకొస్తున్న ఒకావిడ, "రావే బెజవాడమ్మా, కాలవే కదా, కృష్ణా నది కాదుగా!" అని ఎకసెక్కం చేసింది. ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగాను.

నా దగ్గర ఒక నీలం వాయిలు ముక్క ఉండేది. తెల్లటి చిన్న చుక్కలు. పిన్ని బతికుండగా, కడుపుతో ఉన్నప్పుడే, తన పాత చీర అంచు చింపి, "ఇదిగో, నీ బొమ్మకి పెళ్ళిచీర. కట్నం అడగొద్దని మగపెళ్ళివారికి గట్టిగా చెప్పు," అని ఇచ్చింది. దాన్ని నా రేకుపెట్టెలో దాచుకున్నాను. పిన్ని పోయాక ఆవిడ బట్టలన్నీ చాకలికిచ్చేశారు. ఈ ఒక్కటి నా దగ్గరుందని ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం బొమ్మకి చీర విప్పేసి, ఆరు ముక్కల్లో ఇది ఏడోదిగా కలిపి అమ్మమ్మ ఒళ్ళో పెట్టాను.

ఆరింటినీ చూసిన చూపే లేదు, టకటకా పక్కన పెట్టింది. ఏడోది మాత్రం రెండు వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"ఇది బోదె అవతలావిడదేనా?"

"ఆఁ."

"ఆవిడకి నీలం చీరుందా?"

"ఆఁ, ఉంది. చుక్కలది."

అమ్మమ్మ చూరులోంచి కారుతున్న వాన వైపు కాసేపు చూసింది. దారం కొస నోట్లో తడుపుకుని సూదిలో ఎక్కించింది. "సరే," అంది.

రెండు వరసల్లో మూడేసి గాలిపటాలు, తల పెట్టే చోట ఒకటి. తల దగ్గరకి నీలం ముక్కే పెట్టింది.

తమ్ముడు పుట్టాడు. ముసురు పట్టింది. ఇల్లంతా కుంపటి సెగ, సాంబ్రాణి పొగ, ఆరని గుడ్డల వాసన. పదో రోజున వాడికి జ్వరం వచ్చింది. పదకొండో రోజున పాలు తాగటం మానేశాడు. మామయ్య వానలో సైకిలేసుకుని పామర్రు వెళ్ళి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చూసి మందిచ్చి, "రేపటిదాకా చూద్దామండీ," అన్నారు. ఆ 'చూద్దాం' అన్న మాటకి అమ్మ వాణ్ణి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇంట్లో అందరికీ ఒక భయం. నాకు రెండు. వాడు పోతాడేమోనని ఒకటి, పోతే అది నా వల్లేనని ఒకటి. వాడి తల ఆ నీలం ముక్క మీదే ఉంది. కళ్ళు మూస్తే పిన్ని కనిపించేది. ఎంత పాపిష్టిదాన్నంటే, నన్నంత ముద్దు చేసిన పిన్నిని చూసి భయపడ్డాను. తన బిడ్డ లేదు కాబట్టి మా వాణ్ణి తీసుకుపోతుందేమో అనుకున్నాను. అమ్మమ్మతో చెబుదామని రెండుసార్లు వంటింటి గుమ్మందాకా వెళ్ళి, ఆవిడ ఆగిపోయిన ఆ వాక్యం గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం అమ్మకి కునుకు పట్టింది. పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడు నా పలక సంచీలో ఉంది. మెల్లగా వెళ్ళి, వాడి తల ఎత్తకుండానే, చెవి పక్కనుంచి కుట్లు తెంపటం మొదలుపెట్టాను. వాడి ఊపిరి నా చేతికి వేడిగా తగులుతోంది. మూడు వైపులా తెగింది. నాలుగోవైపు తొందరలో లాగేస్తే ముక్క ఊడి పిడికిట్లోకి వచ్చింది, నా వేలూ తెగింది. నెత్తుటి చుక్క వాడి చెంప మీద పడింది. సరిగ్గా అప్పుడే అమ్మ కళ్ళు తెరిచింది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మామయ్య, ఎదురింటావిడ, అందరూ పరిగెత్తుకొచ్చారు. బ్లేడు నా చేతిలో, నెత్తురు వాడి చెంప మీద. ఇంకెవరైనా ఏమనుకుంటారు? అమ్మ వాణ్ణి గుండెకి అదుముకుని నా వంక చూసిన చూపు, అంతకు ముందెప్పుడూ అమ్మ నన్నలా చూడలేదు. అమ్మమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. నా పిడికిలి విప్పింది. అందులో పీలికై ఉన్న నీలం ముక్క చూసింది. మళ్ళీ పిడికిలి మూసేసి, అందరి వైపూ తిరిగి, "తమ్ముడొచ్చాడుగా, కుళ్ళు. పసిదానికి తెలివెక్కడిది? పోండి, పోయి పనులు చూసుకోండి," అంది.

విన్నారా? మా తమ్ముడు నలుగురిలో చెప్పి నవ్వించే ఆ మాట పుట్టింది అమ్మమ్మ నోట్లో.

నన్ను నూతి దగ్గరికి లాక్కెళ్ళింది. వీపు పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. వేలు కడిగి గుడ్డ చుట్టింది. "ఎవరడిగినా కుళ్ళుతోనే కోశానని చెప్పు. ఇంకో మాట మాట్లాడావో, నూతిలో పడేస్తా," అంది. ముక్క బొడ్లో దోపుకుంది. బోదె దాటావా లేదా అని ఒక్క మాట అడగలేదు. ఆ సాయంత్రానికి కన్నం మీద తన గంధం రంగు చీర ముక్క అతుకు పడింది. డాక్టరుగారి మందు పనిచేసింది. మర్నాటికి వాడు పాలు తాగాడు, మూడో రోజుకి ఊరంతా వినపడేలా ఏడ్చాడు. నేను పెరటి గోడ పక్క నిలబడి ఆ ఏడుపు విని నా ఏడుపు ఏడ్చాను. అమ్మ మాత్రం ఏడాదిపాటు నన్ను వాడి దగ్గర ఒంటరిగా కూచోనివ్వలేదు. ఇంట్లో బ్లేడుండేది కాదు. అమ్మమ్మ నేను కాలేజీలో ఉండగా పోయింది. అమ్మ పోయి ఎనిమిదేళ్ళు. చివరిదాకా ఆ మాటే నమ్మింది. ఆవిడ బతికుండగా నేను నోరు విప్పలేదు. ప్రతిదానికీ వాదించే నోరు, దానికి మాత్రం రాలేదు.

మొన్న ఆదివారం అందరూ భోజనాలకి లేచాక బొంత నా ఒళ్ళో వేసుకుని కూచున్నాను. గంధం రంగు అతుకు అంచు అరిగి ఒక మూల లేచింది. వేలు పెట్టి చూస్తే కింద ఇంకో బట్ట తగిలింది. నీలం, తెల్ల చుక్కలు. నేను కోసిన పీలికనే సరిచేసి, ఉన్నచోటే మళ్ళీ కుట్టి, దాని మీద తన చీర కప్పింది అమ్మమ్మ. వాడు పెరిగిందంతా దాని మీదే. అంతలో మా మేనకోడలు పొట్ట పట్టుకుని మెల్లగా వచ్చి, "అత్తా, బేబీకి ఇది వాడొచ్చా? లేకపోతే షాపులో మంచి క్విల్టులొస్తున్నాయి," అంది. ఇంత చదువుకున్నదాన్ని, దిష్టి తీస్తే వెక్కిరించేదాన్ని, నాకు తొమ్మిదేళ్ళప్పటి భయమే మళ్ళీ పట్టింది. సూది అడిగాను. లేచిన అంచు కిందికి మడిచి, అమ్మమ్మలాగే దారం కొస నోట్లో తడిపి, గట్టిగా కుట్టాను. "వాడుకోవే. మీ నాన్న దీని మీదే ఇంతవాడయ్యాడు," అన్నాను.

ఇన్నేళ్ళు అరిగితేగానీ ఆ నీలం బయటికి కనపడలేదు. ఇప్పుడు కనపడింది కానీ అడగటానికి మనిషి లేదు. ఎవరి చీరనైనా తాకి చెప్పగల మనిషివి, నీ కూతురి చీర నీ వేళ్ళకి తెలియలేదంటే నేను నమ్మను. అమ్మమ్మా, ఆ వాన సాయంత్రం "సరే" అన్నప్పుడు, అది ఎవరి ముక్కో తెలిసే అన్నావా?